స్ప్రింగు కాలికి లోడు టెస్టు

ఆ పిల్ల చీలమండను పాడుచేసింది బంతి కాదు, మీరు. వాలీబాల్ కమిటీ అని పేరు పెట్టుకుని నోటీసు బోర్డు మీద సంతకాలు గీకే ముగ్గురూ మీరే. షీల్డు మీద కన్నేసి, ఆడే మనిషి కాలువైపు చూడని మేనేజరుగారూ, మీరే. బస్సుకీ మనిషికీ తేడా తెలియని మెకానిక్ మేస్త్రీ, నువ్వు. ఇక ఆ రోజు ఇసుక బస్తా ఎత్తి ఆమె భుజాన పెట్టింది నేను. తిలాపాపం తలా పిడికెడు అన్నారు. నా పిడికెడు నేను ముందే తీసుకున్నాను కాబట్టి మిగతాది పంచే హక్కు నాకుంది.

జరిగింది తెలియనివాళ్ళు ఉంటారు. వాళ్ళ కోసం మొదటినుంచి చెబుతాను.

మాది బస్సుల డిపో. రోజూ నూటపాతిక బస్సులు బయటికి పోతాయి, పదీ పన్నెండు ఏదో ఒక రోగంతో తిరిగొస్తాయి. టైర్ల సెక్షన్లో నాకు ఇరవై ఆరేళ్ళు నిండాయి. ఆ పిల్ల మా అన్నయ్య కూతురు. పిల్ల అంటున్నాను గానీ ముప్పై నాలుగేళ్ళు. బస్సులు కడిగే షెడ్డులో పని. నెట్టు దగ్గర ఎగిరిందంటే కిందికి దిగడం మరిచిపోయిందేమో అనిపిస్తుంది, అందుకే డిపో అంతా స్ప్రింగు అంటారు. హాజరు పుస్తకంలో అసలు పేరుంది గానీ ఆ పేరుతో పిలిస్తే తనూ పలకదు.

స్ప్రింగుకు వాలీబాల్ సరదా, బస్సు నడపడం ప్రాణం. నాలుగేళ్ళుగా బస్సుల ఒళ్ళు తోముతూ, తోమిన ప్రతి బస్సునూ తానే లైనుదాకా నడిపి పెడుతూ, డ్రైవరు పోస్టు కోసం కాచుక్కూర్చుంది. ఈ ఏడు పిలుపు వచ్చింది. ఎనిమిది వారాల్లో పరీక్ష. ఇన్‌స్పెక్టరు పక్కన కూర్చుని చప్పట్లు కొడతాడు. కొట్టగానే కుడికాలు బ్రేకు మీద పడాలి, గీత దాటకుండా బస్సు ఆగాలి. అలా పదిసార్లు. ఒక్కసారి కాలు తడబడినా ఇంటికే. వచ్చే ఏడు చూద్దాంలే అనడానికి లేదు, ముప్పై అయిదు నిండితే తీసుకోరు.

పిలుపు వచ్చిన మర్నాడు సాయంత్రం ప్రాక్టీసు. ఎగిరి బంతి కొట్టి దిగేటప్పుడు అవతలి మనిషి బూటు మీద ఆమె కుడికాలు పడింది. పాదం లోపలికి మడతపడింది. టప్పుమని చిన్న చప్పుడు, పక్కనే ఉన్న నాకు వినబడింది.

అక్కడ మొదలైంది మన వైద్యం. డిపోలో ఒకరు కింద పడితే నలుగురు డాక్టర్లు పుడతారు. ఒకడు రేడియేటరులోంచి వేడినీళ్ళు పట్టుకొచ్చి గుడ్డ ముంచి కాపడం పెట్టాడు. ఇంకొకడు నొప్పుల మందు తెచ్చి, బేరింగుకు గ్రీజు పట్టించినట్టు పట్టించాడు. మేస్త్రీ ఒక చేత్తో మడమ, ఒక చేత్తో వేళ్ళు పట్టుకుని, "పక్కకు జరిగిందిరా, లాగితే సర్దుకుంటుంది" అని లాగాడు. అప్పుడు స్ప్రింగు అన్న మాట ఇక్కడ రాయను. ఆఖర్న నేను ట్యూబు ముక్క కోసి, గొట్టానికి క్లిప్పు బిగించినట్టు బిగించి కట్టాను. ఇంటికి తీసుకెళ్ళేసరికి కాలివేళ్ళు నేరేడు రంగుకు తిరిగాయి.

మా ఆవిడ గుమ్మంలోనే నిలబెట్టేసింది.

"ఏమిటండీ ఇది, కాలా పంక్చరా?"

"వాపు దిగుతుందని కట్టాను."

"గాలి పోకుండా బాగానే కట్టారు. రక్తం ఎటు పోవాలి?"

"నేను దారిపొడుగునా మొత్తుకుంటూనే ఉన్నాను పిన్నీ," అంది స్ప్రింగు, నా భుజం పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి. "బాబాయికి వినబడలేదు."

"ఆయనకు టైరు చెప్పింది వినబడుతుంది తల్లీ, మనిషి చెప్పింది వినబడదు. పెళ్ళినాటినుంచీ అంతే." కత్తెర తెచ్చి నా కట్టు కోసి పారేసింది. కాలు దిండుమీద పెట్టించింది. ఆ రోజు ఆ కాలికి జరిగిన ఒక్క మంచి పనీ అదే.

మర్నాడు ఆసుపత్రికి వెళ్ళాం. ఎముకల డాక్టరు చీలమండకు రెండువైపులా ఉన్న గుబ్బల మీద నొక్కాడు, పాదం అంచున నొక్కాడు, నాలుగడుగులు వేయమన్నాడు. మూలుగుతూ వేసింది. ఎముక విరిగిన గుర్తుల్లేవు, బయటివైపు లిగమెంటు సగం చిరిగింది అని చెప్పి, కింద ఫిజియో గదికి పంపాడు.

ఆ గదిలో ఉన్న డాక్టరమ్మ నా భుజం దాకా వస్తుంది. గొంతు మాత్రం మా వర్క్‌షాపు సైరన్.

"ఈ కాలు ఎవరు లాగారు?"

"మా మేస్త్రీ అండి."

"వేడి ఎవరు పెట్టారు?"

"అది ఇంకొకాయన."

"ఈ చారలు?"

నేను గోడమీదున్న ఎముకల పటం చూస్తూ నిలబడ్డాను.

"మీరు నలుగురూ అప్పుడే టీ తాగడానికి పోయి ఉంటే ఈ కాలు ఇంకాస్త బాగుండేది," అంది.

తిట్టిందే గానీ విడమరిచి చెప్పింది. అది నేను నాలుగు సార్లు అడిగి రాసుకున్నాను, ఎందుకంటే నాకు చెప్పినవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు. లిగమెంటంటే ఎముకను ఎముకకు కట్టే నార. అది చిరగ్గానే ఒంట్లో మరమ్మతు మనుషులు అక్కడికి పరుగెత్తుకొస్తారు, వాపంటే వాళ్ళ రద్దీ. మొదటి రెండు మూడు రోజులు అక్కడ వేడి పెట్టినా, పిసికినా, లాగినా రద్దీ పెరుగుతుంది. కాలు గుండెకంటే ఎత్తులో పెట్టాలి, మెత్తగా కట్టు కట్టాలి, నొప్పి ఓర్చుకోలేనంతగా ఉంటే గుడ్డలో చుట్టిన ఐసు కాసేపు పెట్టాలి. తరవాత కొన్ని వారాల్లో కొత్త నార పుడుతుంది. అది చిక్కుపడ్డ దారపు ఉండలా, పచ్చిగా ఉంటుంది. రోజూ కొంచెం కొంచెం కదిలిస్తే ఏ దిక్కున సాగాలో దానికి తెలుస్తుంది. అసలు కదిలించకపోతే ఉండగానే గట్టిపడుతుంది. ఒక్కసారిగా బరువు వేస్తే పుటుక్కుమంటుంది. పూర్తిగా ముదరడానికి నెలలు పడుతుంది.

"మరి నా పరీక్ష డాక్టరమ్మా?" అంది స్ప్రింగు.

"ఎనిమిది వారాలుంది కదా. చెప్పింది చెప్పినట్టు చేస్తే బ్రేకు తొక్కుతావు. ఎగరడం మాత్రం నేను చెప్పినప్పుడే."

మొదటి పని నేలమీద తువ్వాలు పరిచి కాలివేళ్ళతో కుప్పగా లాక్కోవడం. రెండోది బొటనవేలితో గాలిలో అ నుంచి ఱ దాకా రాయడం. మన అక్షరాలన్నీ గుండ్రం కాబట్టి చీలమండ అన్నివైపులా తిరుగుతుంది. స్ప్రింగు మా ఇంట్లో మంచమ్మీద పడుకుని రాస్తుంటే మా ఆవిడ కళ్ళు చికిలించి చదివేది.

"ఏమే, ఇది అక్షరమాల కాదు. మేస్త్రీ అని రాసి పక్కన ఇంకేదో రాశావు."

"డాక్టరమ్మ ఏదైనా రాయొచ్చంది పిన్నీ."

అయిదు రోజులు ఇలా సాఫీగా సాగింది. ఆరో రోజు మేము మా తెలివి చూపించాం.

మా మేస్త్రీకి ఒక నియమముంది. బాగుచేసిన బస్సును ఖాళీగా నడిపి చూసి సంతకం పెట్టడు. సీట్లనిండా ఇసుక బస్తాలు పెట్టించి, అదే రోజు, ఊరవతల ఎత్తు ఎక్కించి దింపుతాడు. దాన్నే మేము లోడు టెస్టు అంటాం. "ఖాళీ బండి అందరికీ నడుస్తుంది, నిండుబండి నడిస్తేనే మరమ్మతు" అంటాడు. పందొమ్మిదేళ్ళలో ఆయన సంతకం పడ్డ బస్సు దారిలో ఆగలేదు. ఈ నియమం వల్ల మాకు గర్వం. గర్వమంటే గర్వమే, అబద్ధమెందుకు.

ఆరో రోజున వాపు దిగింది. స్ప్రింగు కుంటకుండా హాజరు వేయడానికొచ్చింది. మేస్త్రీ బస్సు కింది గుంటలోంచి తల పైకి పెట్టి ఆ కాలినే చూశాడు.

"మరమ్మతు అయిపోయినట్టుందే. షీల్డు ఫైనలు మూడు వారాల్లో ఉంది. టెస్టు చేసి సంతకం పెట్టేద్దాం."

"డాక్టరమ్మ ఇంకా..." అని నసిగాను.

"ఆ అమ్మ తువ్వాళ్ళ డాక్టరురా. మన పద్ధతి మనకుంది. ఏమ్మా, వెనకాడుతున్నావా?"

స్ప్రింగు వెనకాడలేదు. ఎందుకు వెనకాడుతుంది, తనూ ఈ డిపో మనిషే. టెస్టు వద్దన్న బస్సును మేమంతా ఎలా చూస్తామో తనకు తెలుసు. ఇరవై కిలోల బస్తా ఒకటి, యార్డు చుట్టూ పది రౌండ్లు, పరుగు. బస్తా నేనే ఎత్తి పెట్టాను. రెండు రౌండ్లు బాగానే తిరిగింది. మేస్త్రీ చెవిపక్క చెయ్యి పెట్టి వింటున్నాడు, కాలులోంచి ఇంజను చప్పుడు వస్తుందన్నట్టు. మూడో రౌండులో షెడ్డు ముందు తడి వాలు మీద అదే పాదం అదే వైపుకు మడతపడింది. బస్తా ఒకవైపు, మనిషి ఒకవైపు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో ఆ రోజు కళ్ళారా చూశాను.

ఈసారి ఎవరూ వైద్యం చేయలేదు. అదొక్కటే నేర్చుకున్నాం.

ఆటోలో ఆసుపత్రికి వెళ్తూ స్ప్రింగు ఒక్క మాటే అంది. "బాబాయ్, పరీక్షకు ఏడు వారాలే ఉంది." ఆ పిల్ల ఏడవదు. ఆ మాట తరవాత దారంతా రోడ్డువైపు చూస్తూ కూర్చుంది. నేను నా చేతులు చూసుకుంటూ కూర్చున్నాను.

డాక్టరమ్మ కథంతా విని, బస్తా బరువెంతో, ఎన్ని రౌండ్లో గొంతు తగ్గించి మళ్ళీ అడిగింది. సైరన్ తగ్గితే మరీ భయమేస్తుందని అప్పుడే తెలిసింది. కాలు మళ్ళీ తడిమి, ఎముకల డాక్టరుకు మళ్ళీ చూపించి, ఆఖరికి, "చిరుగు కాస్త పెరిగింది, పూర్తిగా తెగలేదు. ఆ మేస్త్రీని తీసుకురండి," అంది.

మేస్త్రీ వచ్చాడు. జేబులో స్పానరుతో వచ్చాడు, ధైర్యానికేమో. డాక్టరమ్మ నారలూ వారాలూ మళ్ళీ చెప్పింది. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

"అమ్మా, మా దగ్గర ఏదైనా బాగయ్యిందీ లేదూ బరువు వేస్తేనే తెలుస్తుంది. మీరేమో వేయొద్దంటారు. మరెలా తెలుస్తుంది?"

డాక్టరమ్మ నోరు తెరిచేలోగా బల్లమీదున్న స్ప్రింగు అందుకుంది.

"మేస్త్రీగారూ, కొత్త ఇంజను వేసిన బండికి లోడు టెస్టు చేస్తారా?"

"కొత్త ఇంజనా? పిచ్చిదానా, కొత్త ఇంజనుకు ఎవరైనా చేస్తారా? రన్నింగ్ ఇన్ ఉంటుంది. మొదటి రెండు వేల కిలోమీటర్లు మెల్లగా నడపాలి. వేగం కొంచెం కొంచెం పెంచాలి. లేకపోతే లోపల గీతలు పడి..."

ఆగిపోయాడు.

"నా కాలులో పాత నారకు అతుకు వేయలేదండి," అంది స్ప్రింగు. "అక్కడ కొత్తది పుడుతోంది."

మేస్త్రీ స్పానరు తీసి ఒక జేబులోంచి ఇంకో జేబులో పెట్టుకున్నాడు. "ఈ ముక్క ఆ అమ్మ మొదటే చెప్పొచ్చుగా," అని నావైపు తిరిగి గొణిగాడు. తప్పు ఒప్పుకోవడంలో మా మేస్త్రీ వెళ్ళగలిగిన దూరం అంతే.

ఒకసారి బుర్రలోకి ఎక్కిందా, ఇక ఆయనను పట్టలేం. మర్నాడు ఒక అట్ట తెచ్చి స్ప్రింగు వీపుకు తగిలించాడు: కొత్త ఇంజను, వేగం ఇరవై దాటరాదు. క్యాంటీనులో ఆమె రెండు మెట్లు ఒకేసారి దిగితే అటునుంచి విజిల్ వేసేవాడు. నా సెక్షన్లో పాత ట్యూబును రెండు వేళ్ళ వెడల్పున కోయించి, పాదానికి తగిలించి నాలుగు వైపులకూ లాగే కసరత్తుకు తయారుచేశాడు. వారానికొకటి కాస్త మందంగా కోయించేవాడు. పాదానికి రాసుకోకుండా అంచులు నునుపు చేయమని నన్ను మూడుసార్లు వెనక్కి పంపాడు.

డాక్టరమ్మ ఇంకోటి చెప్పింది. నారలో సన్నని నరాలుంటాయి, పాదం ఎటు తిరిగిందో చీకట్లో కూడా మెదడుకు చెప్పేవి అవే. నార చిరిగితే అవీ చెదురుతాయి. అందుకే ఒకసారి మడతపడ్డ కాలు మళ్ళీ మళ్ళీ మడతపడుతుంది. నొప్పి పోయింది కదా అని ఆటకు పోయేవాళ్ళంతా మోసపోయేది ఇక్కడే. మందు ఒంటికాలి మీద నిలబడటం. ముందు కళ్ళు తెరిచి, తరవాత మూసి, తరవాత మడిచిన దుప్పటి మీద. స్ప్రింగు పళ్ళు తోముకుంటూ నిలబడేది. చూసి చూసి నేనూ నిలబడ్డాను. ఏడు అంకెలు లెక్కపెట్టేలోగా బీరువాను పట్టుకున్నాను. మా ఆవిడ చారు గిన్నె పట్టుకుని మరీ ముప్పై దాకా నిలబడి, నావైపు చూడకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

కాలికి దెబ్బ తగిలితే గుండెకు సెలవివ్వకూడదట. కూర్చుని చేతులతో బరువులెత్తడం, ఆసుపత్రి సైకిలు తొక్కడం, ఎడమకాలు బలం తగ్గకుండా చూసుకోవడం కూడా సాగాయి. ఆ గంటలకు మేనేజరుగారు గైర్హాజరు వేయించారు. అది గుర్తుపెట్టుకోండి.

ఫైనలుకు ముందురోజు మేనేజరుగారు స్వయంగా టైర్ల సెక్షనుకు వచ్చారు.

"ఏమయ్యా, అమ్మాయి బాగానే నడుస్తోందిగా. ఒక నొప్పి మాత్ర వేసుకుని రెండు సెట్లు ఆడలేదా?"

నేను చేతిలో ఉన్న రెంచి కింద పెట్టాను. పెట్టకపోతే ఏం చేసేవాణ్ణో. నేను నోరు తెరవకముందే మేస్త్రీ టేపు పట్టుకుని ప్రత్యక్షమయ్యాడు.

"ఉండండి సార్. కొలిచి చెబుతా."

డాక్టరమ్మ దగ్గర నేర్చుకున్న కొలత అది. మెల్లగా గెంతడానికి ఆమె ఆ వారమే ఒప్పుకుంది. నేలమీద సుద్దగీత గీసి, స్ప్రింగును ఎడమకాలి మీద ముందుకు గెంతమన్నాడు. నూట ఇరవై సెంటీమీటర్లు. కుడికాలి మీద, నొప్పి లేనంత వరకే గెంతమన్నాడు. డెబ్బై.

"చూశారుగా. ఎడమా కుడీ ఇంత తేడా ఉన్న బండికి నేను సంతకం పెట్టను. రెండోది మొదటిదాంట్లో పదింట తొమ్మిది వంతులన్నా ఉండాలి. మాత్ర వేస్తే నొప్పి తెలియదంతే సార్, డెబ్బై నూటపది అవదు. ఆయిలు తగ్గిందని డాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంటే బల్బు పీకేస్తామా?"

మేనేజరుగారు బల్బు పీకే రకమే. కానీ ఎదురుగా మేస్త్రీ ఉన్నాడు, టేపు ఉంది. వెళ్ళిపోయారు.

స్ప్రింగు ఆ సాయంత్రం తన జెర్సీ ఉతికి, ఇస్త్రీ చేసి, మేస్త్రీకి ఇచ్చింది. మాది ఆడామగా కలిసి ఆడే జట్టు, ఆమె బదులు దిగడానికి మిగిలింది ఆయనే. యాభై నాలుగేళ్ళు. పొద్దున్నే చల్లగా ఉన్న ఇంజనును వెంటనే లాగించొద్దని ప్రతి డ్రైవరునూ తిట్టే మనిషి, మర్నాడు కుర్చీలోంచి లేచి నేరుగా కోర్టులోకి దిగాడు. ఒళ్ళు వేడెక్కించుకోమని స్ప్రింగు బెంచీ మీదనుంచి చెబుతూనే ఉంది. రెండో సెట్లో ముందుకు ఉరికి, టక్కున ఆగి, వెనక్కి తిరిగాడు.

"ఎవడ్రా పిక్క మీద తన్నింది?"

వెనక ఎవరూ లేరు. పిక్క కండరం చిరిగితే అలాగే ఉంటుందని, ఎవరో తన్నినట్టు అనిపిస్తుందని డాక్టరమ్మ తరవాత చెప్పింది. ఓడిపోయాం. ఆయన్ను మోసుకొస్తుంటే నలుగురు పరుగెత్తుకొచ్చారు. ఒకడి చేతిలో వేడినీళ్ళ బకెట్టు ఉంది.

"ముట్టుకున్నారంటే చంపుతాను," అన్నాడు మేస్త్రీ.

"మరి లోడు టెస్టు?" అంది స్ప్రింగు, చాలా మర్యాదగా.

ఆ తరవాత ఫిజియో గదిలో ఇద్దరూ పక్కపక్కన. ఆమె మెట్టు అంచున నిలబడి మడమలెత్తుతుంటే ఆయన తువ్వాలు లాక్కునేవాడు. ఆమె ఎనిమిది అంకె ఆకారంలో పరుగు మొదలెట్టిన రోజు ఆయన అక్షరాలు రాస్తున్నాడు. "ఱ దగ్గర పట్టేస్తోందమ్మా," అని డాక్టరమ్మకు ఫిర్యాదు చేశాడు.

ఏడో వారం ఆఖర్న కుడికాలు నూట పద్నాలుగు గెంతింది. పరీక్షకు డాక్టరమ్మ సరేనంది.

పరీక్ష రోజు మేమంతా గోడవతల నిలబడ్డాం. చప్పట్లు మాకు వినబడవు, బస్సు ఆగడమే కనిపిస్తుంది. ఒకటి, రెండు, లెక్కపెడుతున్నాం. ఏడోసారి ముందు చక్రం గీతకు జానెడు దూరంలో ఆగింది. మేస్త్రీ నా చెయ్యి పట్టుకున్నాడు, తన కర్ర వదిలేసి. ఎనిమిది. తొమ్మిది. పదోసారి ఆమె వెనక అద్దంవైపు చూస్తుండగా ఇన్‌స్పెక్టరు చప్పట్లు కొట్టాడట. బస్సు నేలలో దిగేసినట్టు ఆగింది.

పాసై దిగి వచ్చాక అడిగాను, "ముందుకు చూడకుండా బ్రేకు ఎలా వేశావే?"

"నేను పంపలేదు బాబాయ్," అంది. "కాలే వెళ్ళింది."

ఆ మాట ఇంకా నా చెవుల్లో ఉండగానే ఈ రోజు పొద్దున నోటీసు బోర్డు మీద కొత్త కప్పుకు ఆడేవాళ్ళ జాబితా చూశాను. సోమవారం నుంచి ప్రాక్టీసట. మేనేజరుగారి సంతకం, కమిటీ సంతకాలు. రెండో పేరు పెయింటింగు సెక్షన్ మనిషిది. ఆటలో ఆయన భుజం కీలు జారి పదకొండు రోజులైంది. చెయ్యి ఇంకా మెడకు వేలాడుతోంది. ఫిజియో గది గుమ్మం కూడా తొక్కలేదు, గైర్హాజరు పడుతుందని.

కాబట్టి వినండి. ఆ జాబితాను ఇవాళే దించండి, సోమవారం దాకా ఆగొద్దు. పెయింటరు పేరు కొట్టేయండి. ఆయన్ను రేపు ఉదయం ఫిజియో దగ్గరికి పంపండి, సెలవు మీద పంపొద్దు, డ్యూటీ మీద పంపండి. డిపో కోసం ఆడి దెబ్బ తిన్న మనిషి కోలుకునే ప్రతి గంటా డ్యూటీ గంటే అని అదే బోర్డు మీద రాసి, అవే నాలుగు సంతకాలు కింద పెట్టండి. రెండువైపులా బలం కొలిచి ఫిజియో సరే అనేదాకా ఎవరినీ ఆడమని అడగొద్దు. మధ్యాహ్నం షిఫ్టు మారేలోగా ఆ కాగితం కిందికి రావాలి. రాకపోతే బోర్డు దగ్గర మేమే ఉంటాం, టైర్ల సెక్షను మొత్తం.